ఖాళీ బరువు

కాటా మింద లారీ ఎక్కినప్పుడల్లా
నా కుర్చీ కింద నేల రవ్వంత కుంగతాది.
బంగారుపాళెం రోడ్డులో, గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన
పదకొండేండ్లుగా ఈ అద్దాల గూడే నాది.
మామిడికాయల కాలంలో ఈగలు,
తోతాపురి తొక్కల పులిసిన వాసన,
పొద్దస్తమానం రసీదు మిషను గరగర.

నేను సముద్రం చూడలేదు.
చూసిందల్లా దాని దగ్గరికి పోయొచ్చిన టార్పాలిన్ పట్టలే.
మడతల్లో ఉప్పు తేమ, తేమ మింద మసి.
వేలు పెట్టి గీస్తే పేరు రాసుకోవచ్చు.
రాసినాను ఒకతూరి: కస్తూరి.
చెంగల్రాయుడన్న అరచేత్తో తుడిచేసినాడు.
"నీ పేరుకి హార్బరు వద్దులే పాపా,
ఆడ లైన్లో నిలబడలేదు అది."

లైను అంటే ఆయన చెప్పిందే నాకు తెలిసింది.
మణలి రోడ్డు మింద రెండు రాత్రులు.
ముందు బండి రెండడుగులు జరిగితే
తన బండీ రెండడుగులు.
ఇంజను ఆపితే సందులో ఎవడో దూరతాడని
ఆపకుండా, యాడికీ పోకుండా, డీజిలు తాగతానే ఉండే బండి.
స్టీరింగు మింద తల,
నిద్రలో కూడా క్లచ్చి మిందే కాలు.
వెనక పెట్టెలో ఎనభై డ్రమ్ముల తీపి.
అవతల రేవులో, తాళ్ళతో కట్టేసినా
రొప్పతానే ఉండే ఓడ.

అంతా అయినాక నూటయాభై కిలోమీటర్లు
గాలిని మోసుకొని వెనక్కి.

నా రసీదులో మూడే గళ్ళు.
మొత్తం: ముప్పై నాలుగు వేల నాలుగొందల ఎనభై.
ఖాళీ: పదహైదు వేల ఎనిమిదొందల నలభై.
నికరం మిషనే తీసేస్తాది.
లైన్లో కాలిపోయిన దానికి గడి లేదు.
ఆయన దగ్గుకి గడి లేదు.
లేనిదాన్ని యాడ రాసేది?

ఈ యేడు చిత్తూరు స్టేషను వెనకాల
ముళ్ళకంపలు కొట్టి సిమెంటు పోసినారు.
పెట్టెలన్నీ ఆడికే. రాత్రిపూట
కరెంటు ఇంజను వచ్చి నలభై పెట్టెల్ని
ఒక్క ఈడుపున ఈడ్చుకొని పోతాది, పొగ లేకుండా.
గుజ్జు ఎన్ని గంటలకి ఓడ ఎక్కేదీ
పోర్టువాళ్ళు ముందే ఫోనుకి పంపిస్తారంట.
ఓడ గూడా ఒడ్డు తగలంగానే ఇంజను ఆపేసి
నేల మింది కరెంటు పెట్టుకుంటాదంట,
మాయమ్మ గ్రైండరు వైరు గోడకి గుచ్చినట్ల.
వచ్చేటప్పుడు పెట్టెలు ఖాళీగా రావడం లేదు,
డ్రమ్ములో, అట్టల కాగితమో, ఏదో ఒకటి కడుపులో పెట్టుకొనే వస్తాండాయి.

ఆఫీసులో మిఠాయి పంచినారు.
చెంగల్రాయుడన్న తినలేదు.
తొమ్మిది కిలోమీటర్లకి బత్తా ఏముంటాది?
"మూడు ట్రిప్పులు కొట్టినా పాత దాంట్లో సగం రాదు,
పోర్టు బాగుపడింది, నా జేబు కాదు" అన్నాడు.
అన్నాక ఊరికే ఉండలేక ఇంకోటి కూడా చెప్పినాడు:
ఇంట్లో రాత్రి పడుకుంటే నిశ్శబ్దానికి మెలకువ వస్తాందంట.
బొజ్జమ్మక్క లేసి చూస్తే
మంచం అంచున కుడికాలు వణకతాందంట, బ్రేకు కోసం.

నిన్న సాయంత్రం బండి సైడింగులో వదిలేసి
నడిచొచ్చి కాటా నడిమధ్యన నిలబడినాడు.
ఒక్కడే. చెప్పులు పక్కన విడిచి.
"నన్ను తూకమెయ్యి పాపా."

ఇరవై కిలోల లోపు తేడా నా మిషను ఎరగదు.
అరవై చూపించింది, కొంచెం ఊగి, అరవై మిందే నిలిచింది.
రసీదు అడిగినాడు.
ఒక తూకానికి రసీదు రాదన్నా,
రెండోతూరి ఎక్కితేనే కాగితం బయటికొచ్చేది, అన్నాను.

పదకొండేండ్లలో ఆయన నోట
నేను వినని మాట ఒకటుంది.
ఎప్పుడొస్తావన్నా అంటే చెయ్యి గాల్లో తిప్పేవాడే,
లైను ఎట్లుంటే అట్ల, అనేవాడే.

చెప్పులేసుకున్నాడు. గేటు దాకా పోయి తిరిగి చూసి,
"అయితే రేపొస్తాలే" అన్నాడు.

తెర మింద అంకె సున్నాకి దిగింది.
మొదటి తూకం మాత్రం
మిషన్లో అట్లే పెట్టుకున్నాను.