పంచదార పంచె

పొందూరు నుంచి ఫోను.
"మా అమ్మమ్మ రాట్నం దించేస్తోందండి, చూపు ఆనడం లేదు.
కేకు మీద పంచె మడత ఉండాలి.
ప్లాస్టిక్‌ది కాదు, తినేది."
సరేనన్నాను.
అన్నాక భయం వేసింది.

శ్రీకాకుళంలో శ్రావణమాసమంటే
నాగావళి సగం గాల్లోనే పారుతుంది.
ఉప్పు డబ్బా నీరొదుల్తుంది, అగ్గిపుల్ల అలుగుతుంది,
ఇక ఫాండెంట్ సంగతి చెప్పాలా?
ఫ్రిజ్‌లోంచి తీసిన అయిదు నిమిషాలకి
పరీక్ష హాల్లో కుర్రాడిలా నుదురంతా చెమట.

అయినా దాన్ని ఒక్క మాటననివ్వను.
కేకుని కప్పడంలో దాని తరవాతే ఎవరైనా.
ముడత పడ్డచోట అరచేత్తో నిమిరితే
మాట వింటుంది.
కింద విప్డ్ క్రీమ్ మాత్రం ఉండకూడదు.
కొత్తలో తెలీక, ఆమదాలవలస రిసెప్షన్లో,
రెండంతస్తుల కేకు నా కళ్ళముందే
మోకాళ్ళు విరిగి కూర్చుండిపోయింది.
పెళ్ళికూతురు నవ్వింది. వాళ్ళ మేనత్త నవ్వలేదు.
అప్పట్నుంచీ ముందు వెన్న పూత, తరవాత చల్లదనం,
ఆపైనే దుప్పటి.

దుప్పటంటే దుప్పటే. పంచె అవదు.

గమ్ పేస్ట్ తీశాను.
పల్చగా, ఇంకా పల్చగా,
కింద పెట్టిన కరెంటు బిల్లులో
అంకెలు కనిపించేదాకా కర్ర తిప్పాను.
కనిపించాయి. కట్టాల్సిన మొత్తంతో సహా.
మడత పెట్టబోతే
అప్పడంలా ఫట్.
రుచి చూస్తే బడి సుద్దముక్క.

పలాస జీడిపప్పు పొడికి పాకం పట్టి చేసే ముద్ద ఉంది,
నా మటుకు నాకు అన్నిట్లోకీ అదే ఇష్టం.
కానీ నూనె కక్కుతుంది, తెల్లగా ఉండదు,
పల్చన చేస్తే చిరుగుతుంది.
దానికి పత్తికాయల పని అప్పజెప్పాను.
చాక్లెట్ ముద్దని డబ్బాలోనే ఉంచేశాను;
నావి వేడి చేతులు,
పట్టుకుంటే పారిపోతుంది.

పదకొండింటికి కరెంటు పోయింది.
సింహాద్రి ఫోను లైటు పట్టుకుని నిలబడే నిద్రపోతున్నాడు.
మెత్తనిదాన్నీ మొండిదాన్నీ
సగానికి సగం కలిపి పిసికాను.
చేతికి కాస్త డాల్డా,
బల్ల మీద చిటికెడు మొక్కజొన్న పిండి,
కోసిన ముక్క మీద వెంటనే తడిగుడ్డ మూత.
మడత పడింది.
ఊపిరి బిగబట్టి రెండోది.
విరగలేదు.
అంచుకి పుల్లమొనతో ఎర్రగీత.
మూడోచోట నా చెయ్యి వణికింది. ఉంచేశాను.

పొందూరులో ఆ ఇంటి కిటికీలో
పత్తి ఏరే వాలుగ చేప దవడ ఎముక,
పళ్ళు అరిగిపోయి, ఇంకా తెల్లగా.
గవరమ్మగారు కేకు వైపు చూడలేదు.
వేళ్ళతో వెతుక్కుంటూ వచ్చి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
పంచె కొస పట్టుకుంది.

"ఏటే పాపా, పంచదారే?"
"అవునమ్మా."
"ఎన్నో నంబరు?"

పదేళ్ళుగా కేకులు చేస్తున్నాను.
ఎన్ని కేజీలని అడిగారు, గుడ్డుందా అని అడిగారు,
రేపటికవుతుందా అని అడిగారు.
ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

"ముప్పైకి మించదు," ఆవిడే తేల్చేసింది.
"నూరుకి రావాలంటే
లాగకూడదమ్మా, ఒదలాలి. నువ్వు లాగేసినావు."
కొస తుంపి నోట్లో వేసుకుంది.
"బాగుంది గాని, బట్టకి తీపెందుకే?"
అందరూ నవ్వారు. నేనూ.

పిల్లలు పత్తికాయల మీద పడ్డారు.
మనవరాలు కత్తి వెతుకుతోంది.
ఎవరూ చూడని ఆ సందులో
గవరమ్మగారు అలవాటుగా
రెండు వేళ్ళూ రాస్తూ మెల్లగా విడదీసింది.
చెమర్చిన పంచదార సాగి
వేలికీ వేలికీ మధ్య
ఒక సన్నని పోగు నిలిచింది,
కిటికీ వెలుగులో, ఒక్క క్షణం.

అది ఎన్నో నంబరో
ఆవిడ చెప్పలేదు.