బాతుల తుపాకీ

కాశీబుగ్గలో, కె.టి. రోడ్డు మీద
నా కొట్టు ఎనిమిదడుగుల వెడల్పు.
సెల్‌ఫోన్లు, సెట్‌టాప్ బాక్సులు, ఖాళీగా ఉంటే మిక్సీలు కూడా.
పొద్దున్నే వచ్చి సంచీ బోర్లించింది
బమ్మిడి గున్నమ్మ.
ఒక ఫోను, ఒక ప్లాస్టిక్ తుపాకీ.

"ఈ ఫోను నా ఏలు ఎరగదట, సూడు.
ఈ తుపాకీని కొత్త టీవీ ఎరగదట.
ఏది బాగయితే అది బాగుసెయ్."

ఫోను విప్పి చూడక్కర్లేదు.
ముప్పై ఏళ్లు జీడిపిక్కలు ఒలిచిన వేళ్లవి.
ఆ నల్లటి జీడి ముందు తోలు తిన్నది,
తర్వాత గీతలు తిన్నది.
రేషను మిషను ముందు
బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు వరసగా ఓడిపోయాక
కన్ను పెట్టి బియ్యం తెచ్చుకుంటుంది.
వేలొద్దు, నంబరు చెప్పమన్నాను.
"నాలుగు తొమ్మిదులు పెట్టు," అంది.
ఇద్దరం నవ్వాం.

ఆ తొమ్మిదులు
పసుప్పచ్చ క్యాసెట్టు మీద ఉండేవి,
లోపల అన్ని ఆటలున్నాయని.
వాళ్లాయన లారీ మీద కలకత్తా వెళ్లి తెచ్చిన సెట్టు.
ఓ వేసవంతా లెక్కపెట్టాం
నేనూ, దండాసీ, పోతనపల్లి ఢిల్లేసూ.
ఏడు.
మిగతావన్నీ ఆ ఏడే, చొక్కాలు మార్చుకుని.
మోసమని ఢిల్లేసు ఏడ్చాడు.
నేను మాత్రం ఇప్పటికీ
ఎవరి టీవీ బాగుచేసినా
జాబితా అట్టడుగుదాకా దిగి చూస్తాను,
ఎనిమిదోది ఉందేమోనని.

అరగంటకి రెండు రూపాయలు.
లేకపోతే గోడ మీద బొగ్గుగీత.
ఏడున్నరకి ఆవిడ ఫ్యాక్టరీనుంచి వచ్చేది,
వెనకాలే పిక్కలు వేగిన కమురు వాసన.
"ఎల్లండెల్లండి, మీ ఇళ్లల్లో అన్నాల్లేవేటి" అని
మమ్మల్ని తోలేసి, తలుపు దగ్గరగా వేసి
తుపాకీ తీసేది.
కిటికీ చువ్వల్లో మా ముక్కులు.
రెల్లుగడ్డిలోంచి బాతు లేచేది.
కొంగు నడుముకి దోపి
ఆవిడ ఊపిరి బిగబట్టేది.
ఒక్కటీ తప్పేది కాదు.
పొద్దంతా కత్తి కింద పెట్టి
పప్పు విరక్కుండా పిక్క పగలగొట్టే చెయ్యి కదా మరి.

ఇప్పుడెలా చెప్పాలి?
పిన్నీ, ఈ తుపాకీ కాల్చదు. చూస్తుంది, అంతే.
మీట నొక్కగానే తెర చీకటవుతుంది,
బాతున్న చోట తెల్లటి గడి మెరుస్తుంది.
ఆ మెరుపు గొట్టంలో పడితే బాతు పడుతుంది.
పాత టీవీ అప్పటికప్పుడే మెరిసేది.
కొత్తది ఆలోచించుకుని మెరుస్తుంది,
ఈలోపు దీని కన్ను మూతపడిపోతుంది.

"అయితే బాతులు బతికిపోనట్టే."
కాసేపాగి,
"మా కోడలు వాయిదాల మీద యాభై అంగుళాలది కొన్నాది.
తేలినీలాపురం పక్షులన్నీ పట్టీసీలాగున్నాది.
ఏటి లాభం."

కొట్టు వెనక,
తిత్లీ తుఫానుకి రేకు లేచిపోయి తడిసి, ఎండి,
అప్పట్నుంచీ నా క్యారేజీకి బల్లయిన
ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీ.
దుమ్ము దులిపాను. రెండు చోట్ల అతికాను.
స్విచ్చి వేస్తే కీచుమనే ఉంటుంది.
నాకు వినపడలేదు,
టీ తెచ్చిన గుంటడు చెవులు మూసుకున్నాడు.
తెర దగ్గర పెడితే
చేతిమీద వెంట్రుకలు లేచాయి.
ఎడమ మూల మాత్రం ఊదారంగు మచ్చ,
తగ్గలేదు.

గున్నమ్మ కొంగు దోపింది.
పదికి ఆరు.
"నాలుగూ ఆ ఊదా మూలకే పోనాయి," అంది.
"అది నీ టీవీ తప్పు."

ఎంతివ్వమంటావంది. ఏమొద్దన్నాను.
"ఒద్దనడానికి నువ్వెవుడివి?
గోడమీద నీవి పద్నాలుగు రూపాయలు ఉండిపోనాయి.
ఆ గోడకి నేనింకా సున్నం కొట్టలేదు."

రేపూ వస్తానని, అరగంటేనని,
తుపాకీ కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.
ఫోను కౌంటరు మీదే మర్చిపోయింది.