నడుమ ఒక మెలకువ

నిన్న సాయంత్రం నీ మంచం అంచున కూర్చుని
ఇద్దరం సాధన చేశాం, వైరా.
నేను పేరు పెట్టి పిలవాలి,
నువ్వు నా వేలు నొక్కాలి,
ఆ తర్వాత పాదాలు కదపాలి.
నా స్పానిష్‌కి నవ్వావు.
"మా అవ్వ మాటలో అడగండి. కాయు అంటే పాదం."
ఆ ఒక్క మాటా అరచేతిలో రాసుకుని ఇంటికెళ్ళాను.

ఇవాళ లా పాజ్‌లో పొద్దున్నే వడగళ్ళు.
ఇంత ఎత్తున గాలే పలచన;
నీ ఊపిరి గుక్కగుక్కా నేనే లెక్కచూస్తున్నాను.
బోర్లా పడినందుకు పండగ చేసే వయసు కాదు నీది,
పదకొండేళ్ళు.
కనురెప్పలకి టేపు, మోచేతుల కింద మెత్తలు,
పొట్ట నలగకుండా కింద ఖాళీ,
వెచ్చటి గాలి నింపిన దుప్పటి.
పాలలాంటి మందు సన్నధారగా లోపలికి.
కారిన నెత్తురు కడిగి మళ్ళీ నీకే.

వీపు నాది కాదు, సర్జన్‌ది.
నాకు దక్కింది పక్కకి తిప్పిన సగం ముఖం.

కడ్డీ బిగిస్తుండగా
తెర మీద ఎడమకాలి గీత
అలలా ఉన్నది, చదునైపోయింది.

ఎవరూ అరవలేదు.
బీపీ పెంచాను. బిగింపు సడలించారు.
తీగలు చూశారు, మళ్ళీ చూశారు.
గీత లేవలేదు.
"లేపండి" అన్నాడు డాక్టర్ ఉర్కీసో.

వీపు తెరిచి ఉన్న పిల్లని ఎలా లేపుతారు?
ఎల్ ఆల్టో నుంచి దిగే మీ కేబుల్ కారు
స్టేషన్‌లో పూర్తిగా ఆగదు కదా,
నెమ్మదిస్తుంది, తలుపు తెరుచుకుంటుంది,
అంతే. అలా.
పాలధార ఆపాను. నొప్పిమందు మాత్రం వదల్లేదు.

"వైరా."

"వైరా, నా వేలు."
నొక్కావు.
గదంతా నీ పాదాల వైపు వంగింది.
"కాయు."
కుడిపాదం, వెంటనే.
"రెండోది. రెండో కాయు."
ఎడమ బొటనవేలు
కాసేపు ఆలోచించుకుంది.
ఆ తర్వాత, విసుగ్గా, కదిలింది.

సాయంత్రం ఐసీయూలో, గొంతు బొంగురుగా:
"మధ్యలో పిలుస్తానన్నారు. పిలవలేదేం?"
"పిలిచాను."
"అబద్ధం."
అటు తిరగబోయి, తిరగలేక
కళ్ళు మాత్రం తిప్పుకున్నావు.

బయట బెంచీ మీద మీ అమ్మ ఎమెతేరియా,
రెండు భుజాలూ సమంగా కనబడాలని
నీ స్కూలు కోటు లోపల తను కుట్టిన మెత్తని
పళ్ళతో దారం తెంపి ఊడదీస్తోంది.
నన్ను చూసి గబుక్కున లేచింది.
ఒళ్ళోని దూదంతా నేల మీద.