సున్నం గీతలు

పొద్దున ఏడుకే గీసినా గీతలన్నీ.
రెండు మూటల సున్నం, ఒగ చిల్లు డబ్బా,
దారం పట్టుకోను తిప్పేస్వామి చిన్నకొడుకు.
నడిమి గుండ్రం కొంచెం కోడిగుడ్డు మాదిరి వచ్చింది.
ఎప్పుడూ అంతే.
గుంతకల్లు రైల్వే గ్రౌండులో
అది గుండ్రంగా ఎందుకు లేదని
ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఫ్రెండ్లీ మ్యాచే. కప్పు లేదు, పాయింట్లు లేవు.
అయినా బళ్ళారి వాళ్ళు వస్తాండారంటే,
మూడేండ్ల కిందట వాళ్ళు కొట్టిపోయిన నాలుగు గోల్స్
ఈ ఊరి కడుపులో ఇంకా అరగలేదు.

ఖాజామొద్దీన్ గూడ్సు డ్యూటీ మార్చుకున్నాడు,
దానికి రెండు ఆదివారాలు బాకీ పడినాడు.
ఉరవకొండ పిల్లోళ్ళు టమేటా ట్రేల నడుమ
నిలబడి వచ్చినారు, చొక్కాలకు గింజలంటుకుని.
ఎస్తేరమ్మ టీచరు రిటైరై ఆరేండ్లు,
డ్రిల్లు పీరియడు విజిల్ ఇంకా మెడలోనే.
రెఫరీ ఊదకుంటే తానే ఊదుతాదంట.

నాలుగున్నరకు కసాపురం దిక్కు నల్లబడింది.
ఎవరూ పట్టించుకోలేదు.
ఈడ మబ్బులు చుట్టపుచూపుకు వస్తాయి,
ఇచ్చిన నీళ్ళైనా తాక్కుండా పోతాయి.

ఈసారి పోలేదు.

రేకుల షెడ్డు కింద మూడు నూర్ల మందిమి.
నెత్తిన శెనక్కాయలు ఒలిచి పోస్తున్నట్టు చప్పుడు.
ఒకరి మాట ఒకరికి వినపడదు.
పెనాల్టీ పెట్టె మొదట కరిగింది,
తర్వాత నా కోడిగుడ్డు.
సున్నం పాలై పారి
కార్నర్ జెండా కాళ్ళు కడిగింది.

ఒగ పిల్లోడు లేచినాడు: "థూ, ఈ పాడు..."
ఉగ్గాని గంప పక్కన పెట్టి
హనుమక్క వాని నోరు మూసింది,
ఉల్లిగడ్డ వాసనేసే అరచేత్తో.
"వాననొద్దు నాయనా. ఇంటాది.
రెఫరీని తిట్టుకో. ఆయప్ప కదిరోడు, ఏమనుకోడు."

ఇంక రెఫరీని తిట్టినారు.
సెక్రెటరీని, మురిక్కాలువను,
ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చిన బళ్ళారి బస్సును.
నన్నూ తిట్టినారు, గుండ్రం గుండ్రంగా లేదని,
అది కరిగిపోయినాక.
వానను మాత్రం
ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట అనలేదు.

రెఫరీ గొడుగు లేకుండా మధ్యకు పోయి
నడుమెత్తు నుంచి బంతి వదిలినాడు.
ఠప్పని పడి ఆడనే కూర్చుంది
అలిగిన కోడలి మాదిరి.
ఆయన చేతులు రెండూ అడ్డంగా ఊపినాడు.

ఎస్తేరమ్మ విజిల్ నోట్లో పెట్టుకుని
ఊదకుండా తీసేసింది.
ఖాజామొద్దీన్ వాళ్ళు దుప్పటి బ్యానరు విప్పి
నెత్తిన కప్పుకుని పోయినారు.
ఎర్ర రంగు కారి ఆయన తెల్లచొక్కా భుజం మీద
ఊరి పేరులో సగం దిగింది.

బస్సెక్కబోతా బళ్ళారి గోల్‌కీపరు అడిగినాడు:
"మళ్ళీ ఎప్పుడు పెడతారు సార్?"
"ఎండ కాసినప్పుడు" అన్నాడు సెక్రెటరీ.
షెడ్డంతా నవ్వింది.
ఎండకేమప్పా ఈడ కరువు.

అప్పుడే వజ్రకరూరు నుంచి తమ్ముని ఫోను.
"ఆడేమన్నా పడిందా అన్నా?
ఈడ మబ్బు చూపించి పోయింది, చుక్క లేదు.
శెనక్కాయ తల వాల్చింది."
మోకాలు లోతు బురదలో నిలబడి విన్నా.
పడిందని చెప్పేకి నోరు రాలేదు.
"చూస్తాం" అన్నా. ఏం చూస్తామో.

చీకటి పడతాంటే ఉరవకొండ పిల్లోళ్ళు
చెప్పులిడిసి బురదలోకి దిగినారు.
లారీ డ్రైవరు హారన్ కొడతానే ఉన్నాడు.
నెట్టు లేని గోలుపోస్టు కాడ బంతి జారి, తేలి,
నీళ్ళలో నిలబడింది.
"దాటిందా మామా?" ఇందాక నోరు మూయించుకున్నోడే,
ఒళ్ళంతా మన్ను, కండ్లు మాత్రం తెల్లగా.

గీత ఎక్కడుండేదో నాకొక్కనికే తెలుసు.
"దాటింది" అన్నా.

దాటలేదు.