నాలుగో పేజీ

అరండల్‌పేటలో, ప్రెస్సు మెట్ల కింద
పురికొసతో కట్టి ఉన్నాయి నా పాత ఉత్తరాలు.
నెలకి నాలుగు పేజీలు, నూట ముప్పై కాపీలు,
కాగితం అప్పు మీద, స్టాంపులు ట్యూషన్ డబ్బుల్లోంచి.

పదకొండు నెలలు రాశాను, కథ రాయడం ఎలాగో.
తెల్లవారి నాలుగింటికి లేవమన్నాను.
(నేను లేచింది రెండుసార్లు. రెండోసారి దోమల వల్ల.)
మొదటి వాక్యం చదివేవాడి చొక్కా పట్టుకోవాలన్నాను.
నా జన్మలో ఎవరి చొక్కా పట్టుకున్నాను గనక!
"క్రమశిక్షణ" నలభై ఆరు చోట్ల పడిందట,
లెక్కపెట్టింది ఖాసింబీ.
మడతలు పెట్టే చేయి కదా,
గోరు గీసిన ప్రతిచోటా అదే మాట తగిలిందంది.
"ఏం మేడం, బడి పెట్టారా?" అంది.
నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

యార్డు వైపు నుంచి గాలి తిరిగింది.
గుంటూరు నుంచి రాస్తే ఘాటుండాలంటారు అందరూ.
తుమ్మాను. ఘాటు అంతవరకే.

తర్వాత ఈ కార్డు వచ్చింది,
పట్నంబజారు నుంచి, పెన్సిలుతో.
"నా పేరు జంజనం వీరరాఘవులు. టైలర్ని.
మీరు చెప్పినట్టే నాలుగింటికి లేచాను, ఐదు రోజులు.
ఆరో రోజు ఒకరి చొక్కాకి కాజా వంకర పోయింది. మానేశాను.
కానీ జూన్ ఉత్తరంలో, నాలుగో పేజీ అడుగున,
మీ కథలో ముసలామె రేషన్ కార్డు
తడిసిందా నానిందా అని
మూడు రోజులు తేల్చుకోలేదన్నారు.
అది ఇంట్లో పైకి చదివాను, రెండుసార్లు.
ఇంతకీ ఏం పెట్టారు?"

అది అక్కడ పడిందే
ఐదు లైన్ల ఖాళీ మిగిలినందుకు.
ఖాళీగా వదిలితే బీదగా ఉంటుందన్నాడు మేనేజరు,
నిలబడే గిలికిచ్చాను.

వీరరాఘవులు గారికి తెలియనిది ఇంకోటుంది.
తడిసింది ఆరేస్తే ఆరుతుంది.
నానింది పొర పొరగా విడిపోతుంది,
ఇంట్లో వాళ్ల పేర్లు ఒకరి మీదికొకరు జారిపోతాయి.
ఇదంతా ఊహించి రాయొచ్చు, రాసేదాన్నే,
కానీ రెండో రోజు మధ్యాహ్నం, పప్పు మాడుతుండగా,
నా సొంత గ్యాసు పుస్తకం బేసిన్లో వేసి
పీట వేసుకుని కూర్చున్నాను.
ముందు నీలం సిరా పోయింది,
తర్వాత నంబర్లు, తర్వాత మా ఆయన పేరులో సగం.
ఏజెన్సీ వాడి ముద్ర మాత్రం
ఇరవై నిమిషాలైనా కదల్లేదు.
ఆ ముద్రే కథకి ముగింపయింది.

ఉత్తరంలో అది రాయలేదు. సిగ్గేసింది.
యాభై రెండేళ్ల మనిషి
బేసిన్ ముందు కూర్చుని గ్యాసు పుస్తకం నానబెట్టడం
రచన గురించి చెప్పుకునే సంగతా అనుకున్నాను.
దాని బదులు, క్రమశిక్షణ అని రాశాను.

సరే, ఇక నుంచి బేసిన్ సంగతులే రాస్తానని
ఒట్టు పెట్టుకోబోయి ఆగాను.
ఉడుకుతున్న అన్నం మీద మూత
వచ్చినవాళ్లందరికీ తీసి చూపిస్తే
పలుకు పలుకుగానే మిగులుతుంది.
ఇప్పుడు బల్ల మీదున్న కథ ఊసు ఎత్తను,
అందులో ఒక లిఫ్టు ఉందని కూడా చెప్పను.
చెప్పేశాను. చూశారా.

ఈ నెల ప్రెస్సుకి ఇంకా ఏమీ ఇవ్వలేదు.
ఖాసింబీ రెండుసార్లు కబురు పెట్టింది,
మడతలకి చేతులు ఊరుకోవడం లేదట.
ముందు ఒక్క కార్డు రాసి పోస్టులో వేశాను:

"వీరరాఘవులు గారికి,
'నానింది' అని పెట్టాను. అచ్చయింది.
నిన్న మళ్లీ చదివితే
'తడిసింది' చాలేమో అనిపించింది.
మీరేం చేస్తారు,
కాజా వంకర పోతే విప్పుతారా,
గుండీ పెట్టేస్తే కనపడదులే అని
ఇచ్చేస్తారా?"