సోహార్ శాఖ బాకీ

మూడు మెట్లే.
దిమ్మెల మీద దిమ్మెలు పేర్చి సున్నం కొట్టినం.
కూసుంటే డెబ్భై మంది,
ఇరుక్కుంటే తొంభై.
అయినా రశీదు బుక్కు మీద
స్టేడియం అనే అచ్చేయించినం.
స్టేడియం లేని శాఖకు
వాలీబాల్ టోర్నమెంటు ఇయ్యమని
మస్కట్‌ల ఉన్న కేంద్ర సమాఖ్య
ముందుగాల్నే చెప్పింది మరి.

లైట్లకు నాలుగు స్తంభాలు.
ఖల్ఫాన్ ఉద్దెర ఇచ్చిండు.
ఎవరి పేరు రాసుకోవాలె అంటే
అందరం లింబాద్రి దిక్కు చూసినం.
పద్దెనిమిదేండ్ల సంది ఒకటే క్యాంపు, ఒకటే మంచం,
ఎవలకూ చాయ్ పైసలు గూడ బాకీ పడని మనిషి.
సంతకం పక్కన శాఖ ముద్ర గుద్దినం.
ముద్ర పలసగ పడ్డది,
సంతకమే నల్లగ పడ్డది.

రెండు వేల మూడు వందల నలభై రియాళ్లు,
ఆరు వందల బైసలు.
బైసలు గూడ చెప్తున్న, కోశాధికారిని గదా.
రాత్రి కండ్లు మూస్తే ఆ ఆరు వందలే
ఇసుక తీర్గ రెప్పల కింద గరగరమంటయి.

టోర్నమెంటు బాగనే జరిగింది.
కప్పు బర్కా వాళ్లు ఎత్తుకపోయిన్రు,
బ్యానర్ల పైసలల్ల నూటికి అరవై
సమాఖ్య ఎత్తుకపోయింది.
కరెంటు బిల్లు ఎటూ పోలే.

రువిల హోటల్ మేడ మీద సర్వసభ్య సమావేశం.
శాఖల బకాయిలు తొమ్మిదో అంశం.
ఆరో అంశం కొత్త లోగో,
బంతికి రెక్కలు ఉండాల్నా వద్దా అని గంటన్నర.
సలాలా వాళ్లకు నెట్ల బాకీ,
నిజ్వా వాళ్లకు నీళ్ల ట్యాంకరు బాకీ,
పరీక్ష తప్పిన పోరగాండ్లోలె
ఒకల మొకాలు ఒకలం చూడక కూసున్నం.
తొమ్మిదోది వచ్చేసరికి
కింది నుంచి బిర్యానీ వాసన ఎక్కింది.

తీర్మానం చదివిన్రు:
బాకీ ఉన్న శాఖలు నేటితో రద్దు.
అదే ఊళ్లో, అదే సభ్యులతో, కొత్త శాఖ.
కొత్త శాఖకు పాత అప్పులతో సంబంధం లేదు.
చప్పట్లు.
నేను గూడ కొట్టిన, రెండు సార్లు,
తరువాత చేతులు ఆగినయి.

లేచి అడిగిన: మరి పాత శాఖ బాకీ?
"పాత శాఖ లేదు కదండీ."
సంతకం ఉన్నది గదా?
"అది వ్యక్తిగతమండీ."

తోక తెంపుకొని బల్లి గోడెక్కింది.
తోక సోహార్‌ల కొట్టుకుంటున్నది.
దానికి లింబాద్రి అని పేరు,
నెలకు నూట ముప్పై రియాళ్ల జీతం.

ఖల్ఫాన్ వచ్చిండు. మొత్తం ఇన్నడు.
"సమాఖ్య అంటే ఎవరు?
దానికి బతాకా ఉన్నదా? క్యాంపు ఎక్కడ?"
ఏం చెప్పాలె.
సులైమానీ తాగి, గ్లాసు మెట్టు మీద పెట్టి,
రెండు స్తంభాలు పీకి బండికెక్కించిండు.
మిగిలిన రెండు ఎండకాలం దాకా అన్నడు.

ఇప్పుడు శుక్రవారం రాత్రి
నెట్టుకు ఇవతల వెలుతురు,
అవతల చీకటి.
బంతి నల్లగ పోయి తెల్లగ వస్తది.
సెట్టుకోసారి దిక్కులు మారుడు
మా ఆటల మొదటి నుంచీ ఉన్నదే,
అందుకే చీకటి
ఎవల ఒక్కల పేరు మీదా పడలే.
తలా మూడు రియాళ్లు బిస్కెట్ డబ్బాల ఏస్తున్నం.
కొందరు ఏస్తలేరు. వాళ్ల పేర్లు రాయను.

నిన్న సమాఖ్య నుంచి కొత్త శాఖ ఫారం వచ్చింది.
గుర్తింపు రుసుము యాభై రియాళ్లు.
ఏడో ప్రశ్న: మీ శాఖకు స్టేడియం కలదా?

మూడో మెట్టు మీద లెక్క పలక తిప్పుతున్న
లింబాద్రిని అడిగిన.
"సగం అని రాయి" అన్నడు.
నువ్వే రాయరాదే అని పెన్ను చాపితే
రెండు చేతులూ
ఎనకకు పెట్టుకున్నడు.