పంచదార అ

మామూలుపేటలో మా మిద్దె కింద
జనవరి మొదటివారానికే చీమలకు కబురందేది.
పాత చీరగుడ్డ నాలుగు మడతలేసి
మునెమ్మవ్వ పాకం వడకట్టేది.
గరిటెడు పాలు పోస్తే మురికంతా పైకి తేలేది.
"తెల్లటిదాన్లో ఎంతుందో చూడు" అనేది.
అంతకుమించి ఎవర్నీ ఏమీ అనేది కాదు.

టేకు అచ్చులు రాత్రంతా నీళ్ళలో నానేవి.
చిలక, ఏనుగు, తులసికోట,
తాత సరదాపడి చెక్కించిన మోటారు కారు.
దానికి మూడే చక్రాలు. నాలుగోది ఏటేటా
చెక్కలోనే ఉండిపోయేది.

చిలక అన్నిటికన్నా పాతది.
అవ్వకు అత్తగారు హిందూపురం నుంచి
రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట.
యుద్ధం రోజుల్లో చక్కెర రేషనైతే
బెల్లం పోశారు దాంట్లో.
సరిగ్గా గట్టిపడక ముక్కులు వాలిపోయాయి.
నువ్వుల పళ్ళెంలో అవే పెట్టి వీధంతా పంచితే
పిచ్చుకలనుకుని తిన్నారట జనం.

మాకు తెలుగు నోట్లోనే ఉండేది,
కంటికి ఆనేది కాదు. బడి కన్నడం.
నా అయిదో ఏట అవ్వ కొత్త అచ్చు చెక్కించింది.
పంచాంగం అట్ట మీంచి కత్తిరించిన అ.
పాపణ్ణాచారికి ఏ భాషా చదవను రాదు.
కాగితం మీదున్నది ఉన్నట్టే తొలిచాడు.
చిలక ఎటు తిరిగినా చిలకే కదా,
అక్షరం అలా కాదని ఆయనకెవరు చెప్తారు?

చక్కెరలో అది తిరగబడి పుట్టింది.
నేను దాన్నే నేర్చుకున్నాను, తిన్నాను,
పలక మీదా అలాగే రాశాను.
రెండు భాషలకీ ఇంచుమించు ఒకటే అ,
రెండింట్లోనూ తప్పు.
టీచరు చెవి మెలిపెడితే
"మా ఇంట్లో ఇట్లే ఉంటుంది" అన్నాను.

అనంతపురం నుంచి వచ్చిన మామయ్య
"తెలుగులో అచ్చులెన్నే?" అనడిగితే
వేళ్ళు మడిచి లెక్కపెట్టి
అయిదన్నాను.

ఇప్పుడు గాంధీబజారులో
గులాబీరంగువి, పచ్చవి, పెట్టెల్లో దొరుకుతాయి.
కార్లకు నాలుగు చక్రాలూ ఉంటాయి.
చిలక అచ్చు బీటవారింది. పోస్తే
పాకం పక్కటెముకల్లోంచి కారుతుంది.

ఈ ఏడు పొయ్యి వెలిగించలేదు.
అ అచ్చు ఒక్కటీ కడిగి
కిటికీలో ఆరబెట్టాను.
ఖాళీగా ఉన్నప్పుడు అది సరైన అ.
ఇన్నేళ్ళూ చూడనే లేదు.

ఎక్కడిదో ఒక చీమ
గాడిలోకి దిగి
మొదట్నుంచి చివరిదాకా
దిద్దుకుంటూ పోతోంది.